చిల్లపెంకు నుంచి కళాఖండం దాకా: పుదుచ్చేరి మట్టి చరిత్ర నేర్పే పాఠం



"సిరామిక్ కళను ప్రేరణగా తీసుకుని మిశ్రమ మాధ్యమంలో ఒక ఇన్‌స్టలేషన్ తయారు చేయండి" అని మీకొక ప్రాజెక్టు ఇచ్చారనుకోండి. మీరు ముందుగా ఏం చేస్తారు? చాలామంది బజారుకు వెళ్ళి నాలుగు కుండలు కొంటారు. రెండింటిని పగలగొడతారు, రంగులు వేస్తారు, గోనెపట్టా మీద అంటిస్తారు. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ అందులో సిరామిక్ కళ నుంచి తీసుకున్నది ఏమిటని పరీక్షకుడు అడిగితే జవాబు దొరకదు. కుండ ఆకారాన్ని వాడుకోవడం ఒక సంగతి, కుండ నుంచి నేర్చుకోవడం మరొక సంగతి.

ఈ పాఠంలో ఆ తేడాను ఒక ఊరి చరిత్ర ద్వారా తెలుసుకుందాం. ఆ ఊరు పుదుచ్చేరి. 2006 వరకు దీని అధికారిక నామం పాండిచ్చేరి. మన గోదావరి తీరంలోని యానాం కూడా ఈ కేంద్రపాలిత ప్రాంతంలోనిదే కాబట్టి, తెలుగువారికి ఇది పరాయి ఊరేమీ కాదు. రెండు వేల ఏళ్ళ నాటి రోమన్ జాడీల ముక్కలు, ఊరి దేవుడికి మొక్కుకునే మట్టి గుర్రాలు, ఆధునిక స్టోన్‌వేర్ కళ, ఈ మూడూ కొద్ది కిలోమీటర్ల పరిధిలో కనిపించే చోటు ఇది.

కొన్ని మాటల అర్థాలు

మట్టిని మలచి, ఆరబెట్టి, నిప్పులో కాల్చి చేసిన వస్తువులన్నీ సిరామిక్సే. వీటిలో మూడు ముఖ్యమైన రకాలున్నాయి. మన కుమ్మరి ఆవంలో 1000 డిగ్రీల సెల్సియస్ లోపు వేడిలో కాలే కుండ మొదటి రకం. దాని గోడలో సన్నని రంధ్రాలుంటాయి. నీరు వాటిగుండా చెమర్చి ఆవిరవుతుంది కనుకనే కుండనీళ్ళు చల్లగా ఉంటాయి. రెండవది స్టోన్‌వేర్. ఇది 1200 నుంచి 1300 డిగ్రీల వద్ద కాలుతుంది. మట్టి కొంత కరిగి రాయిలా బిగుస్తుంది. మీ ఇంట్లో ఆవకాయ జాడీని గుర్తు చేసుకోండి. ఏడాదిపాటు ఉప్పు, నూనె, కారం నిలవున్నా బయటికి ఊరవు. మూడవది పింగాణీ. తెల్లని, నాణ్యమైన మట్టితో చేసేది.

ఇక ఇన్‌స్టలేషన్ అంటే, గోడకు తగిలించే బొమ్మ కాదు, పీఠం మీది శిల్పమూ కాదు. ఒక స్థలాన్ని మొత్తంగా కళాకృతిగా మార్చడం. చూసేవాడు దాని చుట్టూ, ఒక్కోసారి దాని లోపల తిరుగుతాడు. మట్టితోపాటు గుడ్డ, లోహం, కర్ర, గాజు, వెలుగు, ధ్వని వంటివి కలిస్తే అది మిశ్రమ మాధ్యమం అవుతుంది.

అరికమేడు: పెంకుల సాక్ష్యం

పుదుచ్చేరికి దక్షిణంగా సుమారు 4 కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం నది ఒడ్డున అరికమేడు ఉంది. శుక్రగ్రహ సంక్రమణాన్ని చూడటానికి భారతదేశానికి వచ్చిన ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు లె జెంటిల్ 18వ శతాబ్దంలోనే ఈ ప్రాంతంలోని శిథిలాలను గురించి రాశాడు. 1930లలో జూవో దుబ్రెయ్ అనే ఫ్రెంచి పండితుడు ఇక్కడ పూసలు, చెక్కిన రత్నం సేకరించి, ఇది రోమన్లతో సంబంధమున్న చోటని గుర్తించాడు.

1944లో భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా వచ్చిన మార్టిమర్ వీలర్ మద్రాసు మ్యూజియంలో ఒక పొడవాటి జాడీ ముక్కను చూశాడు. అది మధ్యధరా సముద్ర ప్రాంతంలో ద్రాక్షసారా, నూనె రవాణాకు వాడే యాంఫొరా అని గుర్తుపట్టాడు. అది దొరికిన చోటు అరికమేడు అని తెలుసుకుని, 1945లో అక్కడ తవ్వకాలు జరిపించాడు. అప్పటికి పాండిచ్చేరి ఫ్రెంచివారి పాలనలో ఉంది. తరువాత 1947 నుంచి 1950 వరకు ఫ్రెంచి పురావస్తువేత్త కజాల్, 1989 నుంచి 1992 వరకు విమలా బెగ్లీ బృందం అక్కడ తవ్వకాలు చేశారు.

వీలర్‌కు దొరికిన వాటిలో ముఖ్యమైనవి ఎర్రని, నునుపైన అర్రెటైన్ పాత్రల ముక్కలు. ఇటలీలోని అరెజ్జో పట్టణం పేరుతో పిలిచే ఈ పాత్రల అడుగున తయారీదారు ముద్ర ఉండేది. ఆ ముద్రల వల్ల అవి ఏ కాలం నాటివో తెలుస్తుంది. దక్షిణ భారతదేశంలో అంతవరకు కాలం తెలియని పాత్రలకు, పొరలకు దీనివల్ల ఒక కొలమానం దొరికింది. అర్రెటైన్ ముక్క దొరికిన పొరలోనే మన పాత్ర ముక్క దొరికితే, రెండూ ఒకే కాలానివి అని చెప్పవచ్చు. ఒక చిన్న పెంకు చరిత్రకు క్యాలెండర్‌గా ఎలా పనిచేసిందో గమనించండి.

పోలిక మోసం చేయవచ్చు

అరికమేడులో మరొక రకం పళ్ళెం కూడా విరివిగా దొరికింది. బూడిద, నలుపు రంగుల్లో, పలుచగా, లోపలి అడుగున చిన్న చిన్న గాట్ల వలయాలతో ఉండే ఈ పాత్రను రౌలెటెడ్ పాత్ర అంటారు. ఆ గాట్ల అలంకరణ మధ్యధరా పద్ధతిని పోలి ఉందని, ఇది అక్కడి నుంచి వచ్చినదే అయివుంటుందని వీలర్ భావించాడు.

తరువాతి పరిశోధనలు దీన్ని సరిదిద్దాయి. వీలర్ అనుకున్నదానికంటే అరికమేడు పాతదని, రోమన్ వ్యాపారం రాకముందే అక్కడ జనావాసం ఉందని బెగ్లీ చూపింది. 1990లలో వి.డి. గోగ్టే ఎక్స్-కిరణాల పద్ధతితో ఆ మట్టిలోని ఖనిజాలను పరీక్షించి, అది దిగువ గంగా మైదానం మట్టిని పోలి ఉందని తేల్చాడు. అంటే ఈ పాత్ర భారతదేశంలో తయారైనదే. తీరం వెంబడి పడవల మీద దక్షిణానికి వచ్చింది. ఇదే రకం పెంకులు మన కృష్ణాతీరంలోని అమరావతి, ధరణికోటలలోనూ, శ్రీకాకుళం జిల్లా శాలిహుండంలోనూ దొరికాయి. అరికమేడుకు, ఆంధ్ర తీరానికి మధ్య సంబంధాన్ని ఈ పెంకులే చెబుతున్నాయి.

ఇందులో కళావిద్యార్థికి ఒక పెద్ద పాఠం ఉంది. పైపై అలంకరణను చూసి వీలర్ ఆ పాత్రను మధ్యధరాదనుకున్నాడు. లోపలి మట్టి అది ఇక్కడిదని చెప్పింది. ప్రేరణ పేరుతో మనం కూడా పైగీతలనే తీసుకుంటే అదే చిక్కులో పడతాం. ఒక మట్టి వస్తువు ముందు నిలబడినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ మట్టి ఎక్కడిది? ఇది ఎలా కాలింది? దేనికి వాడారు? ఎవరు చేశారు? మీ ఇన్‌స్టలేషన్ ఈ నాలుగింటిలో కనీసం ఒకదానికి జవాబుగా పుట్టాలి.

మొక్కు గుర్రాలు, బోనం కుండలు

పుదుచ్చేరి పరిసర గ్రామాల్లో ఊరి పొలిమేరన అయ్యనార్ దేవుడి గుడి దగ్గర మట్టి గుర్రాలు కనిపిస్తాయి. ఊరిని రాత్రివేళ కాపలా కాసే దేవుడికి వాహనంగా భక్తులు వీటిని మొక్కు చెల్లిస్తారు. పెద్ద గుర్రాన్ని కుమ్మరి ఒక్క ముద్దగా చేయడు. కాళ్ళు, పొట్ట, మెడ అన్నీ బోలుగా, గొట్టాల్లాగా చేసి ఒకదానిపై ఒకటి నిలబెడతాడు. దళసరిగా ఉన్న మట్టి లోపల తేమ మిగిలిపోయి, కాల్చేటప్పుడు ఆవిరై పగులుతుంది. అందుకే బోలుతనం. అది అందం కోసం వచ్చినది కాదు, నిప్పును తట్టుకోవడం కోసం వచ్చినది. పాతబడిన గుర్రాన్ని ఎవరూ బాగుచేయరు. అది వానకు, ఎండకు శిథిలమై మట్టిలో కలుస్తుంది. పక్కన కొత్తది వస్తుంది.

పుదుచ్చేరికి దగ్గరలోని విల్లియనూర్ టెర్రకోట పనికి పేరుపొందింది. ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పుదుచ్చేరి టెర్రకోట కళాకారుడు వి.కె. మునుసామికి 2020లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది.

మన వైపు కూడా ఇలాంటివి లేకపోలేదు. తెలంగాణలో బోనం చూడండి. కొత్త కుండ, పసుపు కుంకుమలు, వేపరెమ్మలు, లోపల అన్నం, పైన దీపం, దాన్ని మోసే స్త్రీ నడక, డప్పు చప్పుడు, ఇవన్నీ కలిస్తేనే బోనం. పెళ్ళిళ్ళలో కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెచ్చే ఐరేని కుండలు కూడా అలాంటివే. మట్టిని ఇతర వస్తువులతో కలపడం మన జనానికి కొత్త కాదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. బోనాన్నో, అయ్యనార్ గుర్రాన్నో "ఇదీ ఒక ఇన్‌స్టలేషనే" అని తేలిగ్గా అనేయకూడదు. అది మొక్కు. దాన్ని చేసినవాడికి, ఎత్తుకున్నవాడికి అది ప్రదర్శన వస్తువు కాదు. గుర్రం ఆకారాన్ని తీసుకుపోయి గ్యాలరీలో నిలబెడితే ఆ మొక్కు మిగలదు, ఆకారం మాత్రమే మిగులుతుంది. దాని నిర్మాణ పద్ధతిని, శిథిలం కావడాన్ని అంగీకరించే దాని స్వభావాన్ని నేర్చుకుంటే ఎవరి విశ్వాసాన్నీ నొప్పించకుండానే చాలా పొందవచ్చు.

గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ

1971లో పాండిచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలైంది. స్థాపకులు డెబొరా స్మిత్, రే మీకర్ అనే ఇద్దరు అమెరికన్లు. శ్రీ అరవిందాశ్రమంతో సంబంధం వల్ల వారు ఇక్కడికి వచ్చారు. ఇద్దరూ దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సుసాన్ పీటర్సన్ అనే గురువు వద్ద సిరామిక్స్ చదివారు. జపనీస్ భాష తెలిసిన స్మిత్ జపాన్‌లోని బిజెన్‌లో కూడా పని నేర్చుకుంది. మీకర్ మొదట వాస్తుశాస్త్రం చదివినవాడు.

అప్పటికి దక్షిణ భారతదేశంలో చేతితో చేసి, గ్లేజు పూసి, 1300 డిగ్రీల దరిదాపుల్లో కాల్చే స్టూడియో స్టోన్‌వేర్ దాదాపు లేదు. ఢిల్లీలో గురుచరణ్ సింగ్ 1952లో ఢిల్లీ బ్లూ పాటరీ స్థాపించాడు. ఆయన కూడా యౌవనంలో జపాన్ వెళ్ళి నేర్చుకున్నవాడే. ఆ విధంగా ఉత్తరాదికీ దక్షిణాదికీ ఆధునిక సిరామిక్ కళ జపాన్ దారిలోనే వచ్చిందనవచ్చు.

గోల్డెన్ బ్రిడ్జ్‌లో స్థానిక యువకులు పనిలో చేరి సారె తిప్పడం, గ్లేజు కలపడం, కొలిమి కాల్చడం నేర్చుకున్నారు. వారిలో కొందరు తరువాత సొంతంగా చిన్న కార్ఖానాలు పెట్టుకున్నారు. "పాండిచ్చేరి పాటరీ" అనే పేరు అలా వ్యాపించింది. మరోవైపు 1980లలో మీకర్ విద్యార్థులకు బోధించడం మొదలుపెట్టాడు. ఆ శిక్షణ పొందిన ఆర్తీ వీర్ హైదరాబాదులో స్టూడియో నడిపింది. అంజనీ ఖన్నా, మాధవి సుబ్రమణియన్, వినీత్ కక్కర్ వంటివారు దేశంలో పేరున్న సిరామిక్ కళాకారులయ్యారు. 2018లో జైపూర్‌లోని జవహర్ కళా కేంద్రంలో తొలి ఇండియన్ సిరామిక్స్ ట్రయెన్నలే జరిగినప్పుడు, దాన్ని నిర్వహించిన కళాకారుల్లో ఈ ముగ్గురూ ఉన్నారు. పళ్ళెం, కప్పు చేయడం నేర్పిన చోటు నుంచే గదుల నిండా పరుచుకునే మట్టి ఇన్‌స్టలేషన్లు చేసే తరం వచ్చింది.

కొలిమే ఇల్లు అయితే?

1985 ప్రాంతంలో మీకర్ ఒక సాహసం చేశాడు. ఇరాన్‌లో నాదెర్ ఖలీలి చేసిన ప్రయోగాల ప్రేరణతో, పచ్చి ఇటుకలతో కమాను ఇల్లు కట్టి, ఇంటినే కొలిమిగా మార్చి లోపలి నుంచి కాల్చాడు. ఆ గదుల నిండా పచ్చి ఇటుకలు, పెంకులు పేర్చేవారు. గోడలతోపాటు అవీ కాలేవి. వాటిని అమ్మితే కాల్పు ఖర్చులో కొంత తిరిగి వస్తుందనేది ఆలోచన. దాదాపు పదేళ్ళకు పైగా ఈ ప్రయోగాలు సాగాయి. ఆరోవిల్‌లోని అగ్నిజాత అనే ఇల్లు వాటిలో ఒకటి.

ఈ పద్ధతి విస్తృతంగా వ్యాపించలేదు. కాల్పుకు కట్టెలు కావాలి, నిప్పును సమంగా నడిపే నేర్పు కావాలి. అయినా కళావిద్యార్థికి ఇది గొప్ప ఉదాహరణ. "కుండను కాలుస్తాం కదా, ఇంటిని ఎందుకు కాల్చకూడదు?" అన్న ప్రశ్న ఇందులో ఉంది. ఆకారాన్ని కాక, ప్రక్రియను ప్రేరణగా తీసుకోవడం అంటే ఇదే. ఆ తరువాత మీకర్ నిలువెత్తు మట్టి శిల్పాల వైపు మళ్ళాడు. వాటిలో పర్యావరణ వినాశనం ముఖ్య విషయం.

ప్రపంచంలో కొన్ని ఉదాహరణలు

1917లో మార్సెల్ డుషాంప్ న్యూయార్కులో ఒక పింగాణీ మూత్రపాత్రను 'ఫౌంటెన్' పేరుతో ప్రదర్శనకు పంపాడు. కళ అంటే ఏమిటన్న వాదం దానితో ముదిరింది. 1974 నుంచి 1979 వరకు శ్రమించి జూడీ షికాగో 'ది డిన్నర్ పార్టీ' చేసింది. త్రికోణాకారపు బల్లపై చరిత్రలోని 39 మంది స్త్రీలకు 39 పింగాణీ పళ్ళాలు, వాటి కింద కుట్టుపని గుడ్డలు, నేల పలకలపై మరో 999 మంది పేర్లు. 2010లో లండన్ టేట్ మోడర్న్‌లో చైనా కళాకారుడు ఐ వేవే సుమారు 10 కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజలు పరిచాడు. జింగ్‌డెజెన్ పట్టణంలో 1600 మంది చేతివృత్తివారు వాటిని చేశారు. 2014లో లండన్ టవర్ కందకంలో పాల్ కమిన్స్, టామ్ పైపర్ 8,88,246 ఎర్రని సిరామిక్ పూలను లోహపు కాడలపై నాటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన బ్రిటిష్, వలస రాజ్యాల సైనికుల్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క పువ్వు.

వీటన్నిటిలో మట్టి ఒక అర్థాన్ని మోస్తోంది. పళ్ళెం భోజనాల బల్లను, అక్కడ చోటు దొరకని స్త్రీని గుర్తుచేస్తుంది. గింజ లెక్కకు అందని జనాన్ని గుర్తుచేస్తుంది. పువ్వు పెళుసుదనం ప్రాణాన్ని గుర్తుచేస్తుంది.

పేరు ఎవరిది?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. అరికమేడు అర్రెటైన్ ముక్కలపై తయారీదారుల ముద్రలున్నాయి. వేల మైళ్ళ అవతలి కుమ్మరి కార్ఖానా పేరు మనకు తెలిసింది. అదే నేలలో దొరికిన రౌలెటెడ్ పళ్ళెం చేసిన మన కుమ్మరి పేరు తెలియదు. అంతటి పలుచని పాత్ర చేసినవాడి నేర్పును కొన్నేళ్ళపాటు పరదేశీయుల ఖాతాలో కూడా వేశాం.

జపాన్‌కు చెందిన షోజీ హమాదా తన పాత్రలపై సంతకం పెట్టడం మానుకున్నాడు. అజ్ఞాత శిల్పి చేతిపనిలోనే నిజమైన అందం ఉందని నమ్మే మింగేయ్ ఉద్యమం వారిది. అది గొప్ప ఆదర్శమే. కానీ హమాదా పేరు ప్రపంచానికి తెలుసు. పేరున్నవాడు దాన్ని వదులుకోవడం వేరు, పేరు అడిగే నాథుడే లేకపోవడం వేరు. ఇన్‌స్టలేషన్ కళలో ఈ సమస్య మరింత పెద్దది. ఆలోచన ఒకరిది, సారె మీద చేయి మరొకరిది. గోడమీద పేరు మాత్రం ఒక్కటే ఉంటుంది. 'డిన్నర్ పార్టీ'లో పనిచేసినవారి సహకారాన్ని ప్రకటించే పలకలు ఆ కృతితోపాటే ప్రదర్శించారు. ఈ పద్ధతి మనకు ఆదర్శం కావాలి.

కాబట్టి మీరు కుమ్మరి దగ్గర కుండలు చేయించుకుంటే, ఆయన అనుమతితో ఆయన పేరు, ఊరు మీ ప్రదర్శన పలకపై మీ పేరు పక్కనే రాయండి. ఆయన అడిగిన ధర ఇవ్వండి. మీ ఆలోచన ఆయనకు వివరించి, ఇది నిలుస్తుందా అని ముందే అడగండి. చాలాసార్లు మీ నమూనాలోని లోపం ఆయన కంటికి మొదటి చూపులోనే పడుతుంది.

మీ ప్రాజెక్టుకు కొన్ని సూచనలు

మొదటిది. అరికమేడు రక్షిత పురావస్తు స్థలం. అక్కడి నుంచి ఒక్క పెంకు కూడా తీయకూడదు. అది చట్టవిరుద్ధం మాత్రమే కాదు, పొర నుంచి వేరైన పెంకు తన సాక్ష్యాన్ని కోల్పోతుంది. పుదుచ్చేరి మ్యూజియంలో అరికమేడు వస్తువులు ప్రదర్శనలో ఉన్నాయి. చూసి, కొలతలు వేసుకుని, బొమ్మ గీసుకోండి.

రెండవది. మట్టి ఆరినప్పుడు, కాలినప్పుడు కుంచించుకుపోతుంది. పచ్చి మట్టి పలకపై 10 సెంటీమీటర్ల గీత గీసి కాల్చండి. అది 9 సెంటీమీటర్లయితే కుంచనం 10 శాతం. ఇప్పుడు 12 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీకి పచ్చిమట్టిలో సరిగ్గా 12 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తే, కాలిన తరువాత అది 10.8 మిల్లీమీటర్లే ఉంటుంది. కడ్డీ దూరదు. కనీసం 14 మిల్లీమీటర్ల రంధ్రం చేసుకోండి.

మూడవది. లోహాన్ని, కర్రను కాల్చిన తరువాతే మట్టికి జతచేయండి. కుంచించుకునే మట్టి లోపల కుంచించుకోని ఇనుము ఉంటే పగులు తప్పదు.

నాలుగవది. ఎండిన మట్టిపొడిలో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తులకు హానికరం. ఐ వేవే గింజలపై నడవడాన్ని కొద్ది రోజులకే ఆపివేయడానికి ఇలా లేచిన ధూళే కారణం. తడిగుడ్డతో శుభ్రం చేయండి, చీపురు వాడకండి. తలపైన వేలాడదీసే ప్రతి ముక్క బరువు తూచి, తాడు ఎంత మోస్తుందో చూసుకోండి.

ఐదవది. వస్తువులను ఆలోచనతో ఎంచుకోండి. ఉదాహరణకు అరికమేడు వ్యాపారాన్ని చూపదలచుకుంటే, మీరే చేసి కాల్చిన పెంకులు, చేపల వల, కొబ్బరి తాడు, గాజు పూసలు, ఇసుక చాలు. అరికమేడు పూసల తయారీకి కూడా ప్రసిద్ధి కనుక పూస అక్కడ ఊరికే అలంకారం కాదు. ఇసుకను పొరలు పొరలుగా పోసి, ఏ పొరలో ఏ పెంకు ఉండాలో మీరే నిర్ణయించండి. చూసేవాడు కాలాన్ని కిందినుంచి పైకి చదువుకుంటాడు.

సారాంశం

సిరామిక్ కళ నుంచి ప్రేరణ పొందడమంటే ఆకారాన్ని నకలు చేయడం కాదు. అరికమేడు పెంకు పైపై పోలికను నమ్మవద్దని నేర్పింది. అయ్యనార్ గుర్రం బోలుతనానికి గల కారణాన్ని నేర్పింది. గోల్డెన్ బ్రిడ్జ్ దూరదేశపు విద్య ఒక ఊరి విద్యగా ఎలా మారుతుందో చూపింది. కాల్చిన ఇల్లు ప్రక్రియ నుంచే కొత్త ఆలోచన పుడుతుందని చూపింది. వీటన్నిటి వెనుక ఒక మనిషి చేయి ఉంది. ఆ చేయికి పేరు ఇవ్వడం మన తరం బాధ్యత.

ఆలోచించండి, చేయండి

1. రౌలెటెడ్ పాత్ర మూలం విషయంలో వీలర్ అభిప్రాయం ఎందుకు మారవలసి వచ్చింది?

2. మీ ఊరిలోగాని, దగ్గరి ఊరిలోగాని ఉన్న కుమ్మరిని కలిసి, ఆయన మట్టి ఎక్కడి నుంచి తెస్తారో, ఏ కట్టెతో కాలుస్తారో, ఒక ఆవంలో ఎన్ని కుండలు పగులుతాయో అడిగి రాయండి.

3. కుండ, గురిగి, మూకుడు, బాన, ముంత, చట్టి, వీటిలో మీ ఇంట్లో ఇప్పుడు ఏవి ఉన్నాయి? లేనివాటి స్థానంలో ఏమి వచ్చింది? ఈ జాబితానే ఆధారంగా చేసుకుని ఒక ఇన్‌స్టలేషన్ నమూనా గీయండి.